మూడో గదిలో అడిగిన మాట

శనివారం గుహ దరిదాపులకు కూడా రానని సేంగ్లా మాట ఇచ్చింది.

పోయిన వారం పంగ్ బాబాయి మోసుకొచ్చిన కబురు అలాంటిది. చియాంగ్‌మై పట్నంలో పెరిగిన వన్నిసా, పెళ్ళాడబోయేవాణ్ణి వెంటబెట్టుకుని, ఒక్క పూట ఈ నది గుహ చూసిపోవడానికి వస్తోంది. ఆ పిల్లను కన్నది సేంగ్లా. ఆ సంగతి ఊళ్ళో ఇప్పుడు ఇద్దరికే తెలుసు. ఒకరు సేంగ్లా, రెండోవాడు తెప్పలు నడిపే ఈ పంగ్ బాబాయి. వన్నిసాకు తెలియదు. తెలియకూడదు.

"చూస్తే ఆగలేవు" అన్నాడాయన. "ఒక్క మాట జారావంటే ఆ పిల్ల బతుకు వీధిన పడుతుంది. ఆ రోజు తలుపేసుకుని ఇంట్లో ఉండు."

ఉంటానంది. శనివారం పొద్దున్నే జిగురన్నం ఆవిరికి పెట్టింది. కోళ్ళకు నూకలు చల్లింది. తలుపు గడియ పెట్టుకుని మధ్యాహ్నం దాకా చాప మీద పడుకుంది కూడా. గుహలో యాత్రికులకు లైటు పడుతూ, ఇరవై ఏళ్ళకు పైగా తెప్ప ఎక్కిన ప్రతి ఆడపిల్ల మొహంలోకీ ఒక్కసారి తొంగిచూసిన మనిషి ఆమె. ఆ వయసుదే అయితే రెండోసారి చూసేది. ఇవాళ నిజంగానే వస్తున్న పిల్లను చూడకుండా కళ్ళు మూసుకుని పడుకోవడం ఆమె తరం కాలేదు. చేపల మేత అమ్మే పాక వెనక నిలబడి, దూరం నుంచి చూసి వచ్చేస్తాననుకుంది. మధ్యాహ్నపు ఎండ ఇంకా టేకుచెట్ల మీదే ఉంది. కాళ్ళు అప్పటికే దారిలో ఉన్నాయి.

పాక వెనక నిలబడే భాగ్యం దక్కలేదు. లైట్లు పట్టే ఆడవాళ్ళ వరసలోంచి మోన్ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"రానన్నావటగా? వచ్చావు, బతికించావు! మా అత్త మళ్ళీ కళ్ళు తిరిగి పడిందట. నా వంతు నువ్వు తీసుకో అక్కా."

"నేను ఊరికే..."

"ఊరికే అయితే మరీ మంచిది. ఇద్దరే మనుషులు. పెళ్ళి కుదిరిన జంటలా ఉన్నారు, నిన్ను పెద్దగా ప్రశ్నలడగరు. వాళ్ళ లోకం వాళ్ళది" అంటూ వెలుగుతున్న పెట్రోమాక్స్ లైటు ఆమె చేతికి తగిలించి, మోన్ మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

లైటు బుసకొడుతోంది. సేంగ్లా తల ఎత్తింది. మేత పాక దగ్గర నీలం చొక్కా కుర్రవాడొకడు చేపల మేత పొట్లం కొంటున్నాడు. అతని పక్కనుంచి ఒక పిల్ల ఇటు నడిచి వస్తోంది. సేంగ్లా ముందు మొహం చూడలేదు. నడక చూసింది. ఎడమ పాదం కాస్త లోపలికి వేసి నడుస్తోంది. సరిహద్దు కొండ దాటి తల్లిని తీసుకొస్తానని వెళ్ళి మళ్ళీ రాని తన మొగుడు అచ్చం అలాగే నడిచేవాడు.

"మాకు మీరేనా అండీ లైటు పట్టేది?" అని అడిగింది పిల్ల.

"అవునమ్మా" అంది సేంగ్లా.

ఒడ్డున తెప్ప కడుతున్న పంగ్ బాబాయి తల తిప్పి చూశాడు. లైటు ఎవరి చేతిలో ఉందో చూసి, గెడ నీళ్ళలో జారవిడిచాడు. వంగి తీసుకుంటూ, పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

"బుద్ధుందా నీకు?"

"వంతు వచ్చింది బాబాయ్."

"వంతు వచ్చిందట వంతు!" అని, అంతలో దగ్గరకు వచ్చిన జంటను చూసి పెద్దగా నవ్వాడు. "రండి బాబూ, రండి. నడిమధ్యన కూర్చోండి. ఊగకండి."

"ఈ తెప్ప మమ్మల్ని మోస్తుందా బాబాయ్?" అన్నాడు కుర్రవాడు. అతని పేరు థనిత్. "ఈవిడ దారి పొడుగునా అరటికాయ బజ్జీలు తింటూనే వచ్చింది."

"మలుపు మలుపుకీ కారాపించి వాంతులు చేసుకున్నదెవరో కూడా చెప్పు" అంది వన్నిసా.

"అది నీ బజ్జీల వాసన వల్ల."

"మోస్తుంది బాబూ" అన్నాడు పంగ్. "మొన్న తెల్లవాళ్ళిద్దర్ని మోసింది. ఒక్కొక్కడు దున్నపోతంత ఉన్నాడు. మీరో లెక్కా!"

తెప్ప గుహ నోట్లోకి జారింది. వెలుతురు వెనకబడింది. వెదుళ్ళ సందుల్లోంచి చల్లటి నీళ్ళు పైకి ఉబికి కూర్చున్నవాళ్ళ మడమలు తడిపాయి. వన్నిసా కెవ్వున నవ్వి కాళ్ళు దగ్గరికి లాక్కుంది. మేత చల్లితే నల్లటి పెద్ద చేపలు ఒకదాని మీద ఒకటి పడి నీళ్ళను మరగబెట్టినట్టు చేశాయి. సేంగ్లా తెప్ప ముందు కొసన కూర్చుని లైటు పైకి పట్టుకుంది. ఈ పనిలో ఒక సుఖం ఉంది. వెలుతురు ఎదుటివాళ్ళ మీద పడుతుంది, పట్టుకున్న మనిషి చీకట్లో ఉంటుంది. ఎంతసేపు చూసినా ఎవరూ అనుకోరు. ఆ చెవి తమ్మెలు, చేతి వేళ్ళు, నవ్వినప్పుడు ముక్కు మీద పడే ముడత, అన్నీ ఆబగా చూసుకుంది. చిన్నప్పుడు ఈ పిల్ల ఛాతీలో పిల్లికూతలు వినిపించేవి. ఇప్పుడు శ్వాస వినపడడమే లేదు. వినపడకపోవడమే ఆమెకు సంగీతంలా ఉంది.

"బాబుగారు ఏం చేస్తుంటారు?" అని అడిగాడు పంగ్. మాటలతో సేంగ్లా చూపును కప్పెయ్యాలని ఆయన తాపత్రయం.

"పోయిన నెలే ఈ పక్కకి బదిలీ అయ్యాను బాబాయ్. సర్కారు ఆఫీసులో. కార్డుల సెక్షను."

గెడ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"పౌరసత్వం కార్డులా బాబూ?"

"అవే. నా బల్ల ముందు రోజూ నాటకాలే అనుకోండి. ఒకడు అద్దెకు తెచ్చుకున్న అమ్మను చూపిస్తాడు. ఇంకొకడు చచ్చిపోయిన అన్న పేరు తగిలించుకొస్తాడు. కళ్ళు చూస్తే తెలిసిపోతుంది. పాపం అనిపిస్తుంది, లేదనను. కానీ కింద సంతకం నాది కదా?" అని, సేంగ్లా వైపు తిరిగాడు. "మీకుందా అక్కా కార్డు?"

"ఉంది బాబూ. కొండవాళ్ళకిచ్చేది. ఈ చుట్టుపక్కల దాటితే చెల్లదు."

"ఇక్కడే పుట్టారా?"

"ప్రశ్నలు మొదలుపెట్టావా!" వన్నిసా అతని మోకాలి మీద కొట్టింది. "ఇది సెలవురోజు. ఆవిణ్ణి లైటు పట్టుకోనివ్వు."

సేంగ్లా లైటు పక్కకు జరిపింది. గోడ మీద అందరి నీడలూ జరిగాయి.

మొదటి గదిలో పైకప్పు దాకా నిలబడ్డ రాతి స్తంభం చూపించింది. రెండో గదిలో రోజూ చెప్పే మాటలే అప్పజెప్పింది. ఇది మొసలి. ఇది కప్ప. ఇది ఏనుగు తొండం. పైనుంచి కారే సున్నపు నీటి చుక్కలు తలల మీద పడుతున్నాయి. థనిత్ ఒక్కో రాతికీ తన ఆఫీసులో ఒక్కో పెద్దమనిషి పేరు పెట్టి నవ్విస్తున్నాడు. వన్నిసా మాత్రం, వచ్చిన దగ్గర్నుంచి నవ్వుతూనే ఉన్నా, రాళ్ళను చూడడం లేదని సేంగ్లా గమనించింది. ఆ పిల్ల లైటునే చూస్తోంది. ఆ బుసను వింటోంది, ఎక్కడో విన్న గొంతును గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు.

మళ్ళీ తెప్ప ఎక్కి, నది అవతలి కొస దగ్గర ఇసుక మీద దిగారు. మూడో గదికి అక్కడినుంచి చెక్కమెట్లు ఎక్కాలి. ఎవరో ఎప్పుడో టేకు మానులు తొలిచి, చనిపోయిన తమవాళ్ళను అందులో పడుకోబెట్టి, ఆ పైన దాచిపోయారు. ఆ పేటికలే చూడ్డానికి అందరూ ఎక్కుతారు. మెట్లన్నీ పిట్టల రెట్టతో జిగటగా ఉన్నాయి. పైకి చేరాక వన్నిసా భుజాలు తడుముకుంది.

"అయ్యో, నా శాలువా తెప్ప మీదే ఉండిపోయింది. తెచ్చిపెట్టవూ?"

"ఇప్పుడా? ఇన్ని మెట్లు దిగి?"

"చలేస్తోంది."

"పెళ్ళయ్యాక కూడా ఇంతేనా?"

"అప్పుడు ఇంతకన్నా ఎక్కువ. ఇప్పుడే అలవాటు చేసుకో."

అతను ఫోన్ టార్చి వేసుకుని గొణుక్కుంటూ దిగిపోయాడు. అడుగుల చప్పుడు దూరమైంది. వన్నిసా మొహంలో నవ్వు అక్కడే, ఆ క్షణమే ఆగిపోయింది.

"శాలువా నేను కావాలనే వదిలేశాను" అంది. "మిమ్మల్ని ఒక్కటడగాలి. ఇక్కడ పాతకాలం నుంచీ ఉన్నది ఎవరని మేత పాక ఆవిణ్ణి అడిగితే మిమ్మల్ని చూపించింది. ఉన్‌రువాన్ అని ఒకావిడ మీకు గుర్తుందా?"

సేంగ్లా లైటు ఒక చేతిలోంచి రెండో చేతికి మార్చుకుంది.

"ఫారెస్టు గార్డు భార్య. గుర్తుంది. మంచి మనిషి. పులుసుకూర చేస్తే వాడంతా పంచేది."

"మా అమ్మ. వానాకాలంలో పక్షవాతం వచ్చింది. నోరు పడిపోయింది. చాలా రోజులకు మళ్ళీ మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? నేను గంజి తాగిస్తుంటే నా చెయ్యి తోసేసి, నువ్వు మా వన్నిసావి కాదు అంది. నా వన్నిసాను ఏరు తీసుకుపోయింది, క్వార్టర్ల వెనక చింతచెట్టు కింద ఉంది అంది."

పైన ఎక్కడో గబ్బిలం రెక్క కొట్టుకుంది.

"జబ్బు చేసినవాళ్ళు ఏవేవో అంటారమ్మా" అంది సేంగ్లా. "మా ఊళ్ళో ఒకాయన చనిపోయే ముందు పెళ్ళాన్ని పట్టుకుని..."

"డాక్టర్లూ అదే అన్నారు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఇందాక కారు దిగి, మూత్రం వస్తోందని చెప్పి, ఆ పాత క్వార్టర్ల వెనక్కి వెళ్ళొచ్చాను. చింతచెట్టు ఉంది. దాని కింద గుండ్రటి రాళ్ళు పేర్చి ఉన్నాయి. చిన్న జాగా. ఇంతే." చేతులతో చూపించింది. ఆ చేతుల మధ్య ఒక పసిపిల్ల పట్టేంత చోటు. "వన్నిసా అక్కడుంటే నేనెవర్ని?"

సేంగ్లా లైటుకు గాలి కొట్టింది. ఈ ప్రశ్న కోసం ఎన్ని రాత్రులు జవాబులు సిద్ధం చేసుకుందో లెక్కలేదు.

"ఇంకోటి చెబుతాను, నవ్వకండి" అంది పిల్ల. "నేను ఇదివరకెప్పుడూ ఈ గుహకు రాలేదని మా అమ్మ ఒట్టేసి చెబుతుంది. కానీ నాకు ఇది తెలుసు. ఎవరి వీపు మీదో ఉంటాను. కింద నల్లటి నీళ్ళు. పక్కన ఇలాగే లైటు బుస. ఆ మనిషి తడి జుట్టు నా చెంపకు తగులుతుంటుంది. చల్లగా ఉంటుంది, కానీ వీపు మాత్రం వేడిగా ఉంటుంది. నాకు ఒంట్లో బాగుండనప్పుడల్లా అదే గుర్తొస్తుంది. మా అమ్మకు నీళ్ళంటే హడలు. తెప్ప ఎక్కే మనిషి కాదు. ఆ వీపు ఎవరిది?"

అబద్ధం చెప్పడానికి సేంగ్లా నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఒకతి ఉండేది. మాలాగే ఇక్కడ లైటు పట్టేది. కొండ అవతలి దేశం నుంచి వచ్చినామె. కార్డూ లేదు, ఏమీ లేదు. మొగుడు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. బిడ్డను వీపున కట్టుకునే పని చేసుకునేది."

వన్నిసా పేటిక పక్కన రాతి మీద మెల్లగా కూర్చుంది.

"ఆ బిడ్డకు ఊపిరి అందేది కాదు. చలికాలం వస్తే పెదాలు నీలంగా మారిపోయేవి. పట్నం ఆస్పత్రికి తీసుకుపోదామని బస్సెక్కితే చెక్‌పోస్టు దగ్గర దింపేశారు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ దింపారు. ఒకసారి సోయాబీన్ల బస్తాల మధ్య దాక్కుని వెళ్ళింది. పిల్ల దగ్గింది. దొరికిపోయారు." సేంగ్లా లైటు కింద పెట్టింది. "ఆ ఏడే వరదొచ్చింది. ఉన్‌రువాన్ బిడ్డ ఒడ్డున ఆడుకుంటూ జారిపోయింది. ఆ పిల్లా, ఈ పిల్లా ఒకే ఈడు. ఒకే ఎత్తు. ఎప్పుడూ కలిసే ఆడుకునేవాళ్ళు. పాతిపెట్టినప్పుడు ముగ్గురో నలుగురో ఉన్నారు, అంతే. గార్డుకు అప్పటికే బదిలీ వచ్చి ఉంది. బయలుదేరే ముందు ఉన్‌రువాన్ ఆమె గుడిసెకు వచ్చింది. పొయ్యి ముందు కూర్చుంది. తర్వాత అంది, నాకు బిడ్డ లేదు, నీ బిడ్డకు కార్డు లేదు అని."

"అంతే?"

"అంతే. ఇంకేం అక్కర్లేకపోయింది."

వన్నిసా రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ళ సందులోంచి అడిగింది.

"ఆవిడ ఏడవలేదా?"

"జీపు కదిలేదాకా ఏడవలేదు. ఏడిస్తే పిల్ల దిగి వచ్చేస్తుందని. చెరుకు ముక్క చేతిలో పెట్టి, నవ్వుతూ నిలబడింది. సాయంత్రానికల్లా వచ్చెయ్ అని కూడా అంది."

"తర్వాతెప్పుడూ రాలేదేం? ఒక్కసారి? బజార్లో నిలబడి దూరం నుంచైనా చూడొచ్చుగా?"

"ఈ కార్డుతో పట్నం దాకా పోనివ్వరమ్మా. పైగా పోలికలుంటాయి. ఎవరి కంటనైనా పడితే, ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే... ఆ పిల్ల చదువుకుంటోందని విన్నది. బాగా ఊపిరి తీసుకుంటోందని విన్నది. అంతకు మించి ఆశపడితే పిల్లకే ముప్పు."

"నా పేరేంటి?"

"వన్నిసా కదమ్మా..."

"అది రాళ్ళ కిందున్న పిల్లది. నాది."

సేంగ్లా పెదాలు తడుపుకుంది. ఆ పేరు పైకి అని ఎన్నేళ్ళయిందో. పొయ్యి దగ్గర, ఏటి గట్టున, నిద్రపట్టని దుప్పట్లో, లోలోపలే అనుకున్నది తప్ప గాలికి వినపడనిచ్చింది లేదు.

"మోఖమ్."

"మొకమ్."

"మో... ఖమ్. బంగారు పువ్వు అని."

"మోఖమ్" అంది పిల్ల, ఈసారి సరిగ్గా. మళ్ళీ ఒకసారి అనుకుంది, తనలో తనే. తర్వాత తల ఎత్తింది. "ఆవిడిప్పుడు ఎక్కడుంది?"

కార్డుల సెక్షను. కింద సంతకం నాది కదా. ఆ నీలం చొక్కా కుర్రవాడి గొంతు సేంగ్లా చెవిలో మోగింది. వచ్చే నెల పెళ్ళి. ఒక్క మాట చాలు, తను ఇన్నేళ్ళు నోరు నొక్కుకుని కట్టినదంతా ఆ ఒక్క మాటతో ఏట్లో కలుస్తుంది. ఎదురుగా అడుగు దూరంలో కూతురుంది. చెయ్యి చాస్తే అందుతుంది.

"వెళ్ళిపోయింది" అంది. "కొండ దాటి అవతలికి."

"బతికే ఉందా?"

"ఉంది." జవాబు మరీ తొందరగా వచ్చేసింది.

"మీకెలా తెలుసు?"

"అటునుంచి వచ్చేవాళ్ళు చెబుతుంటారు."

వన్నిసా లేచింది. చీర కొంగులా భుజం మీద జారుతున్న సంచీ సర్దుకుంది. గొంతు గట్టిపడింది.

"అయితే అటు వెళ్ళేవాళ్ళతో ఆవిడకు కబురు పంపండి. నేను బాగున్నానని చెప్పండి. ఊపిరి బాగానే ఆడుతోందని, బళ్ళో పిల్లలకు లెక్కలు చెబుతానని చెప్పండి. మా అమ్మ, అదే, నన్ను పెంచిన అమ్మ, నన్ను బాగా చూసుకుందని చెప్పండి."

"చెబుతాను."

"కోపంగా ఉన్నానని కూడా చెప్పండి. కార్డు లేకపోతే నడిచి రావలసింది. పోలికలుంటే మొహానికి గుడ్డ కట్టుకుని రావలసింది. నేను ఇన్నేళ్ళూ ఒక వీపును వెతుక్కుంటూ బతికానని చెప్పండి. ఒక్కటీ మర్చిపోకుండా చెప్పండి."

"మర్చిపోనమ్మా. ఒక్కటీ మర్చిపోను."

సేంగ్లా లైటు కోసం వంగింది. ఆమె కన్నా ముందు పిల్ల వంగి తీసుకుంది.

"ఇలా ఇవ్వండి. దిగేటప్పుడు నేను పట్టుకుంటాను."

"వద్దమ్మా, వేడిగా ఉంటుంది, నీకు అలవాటు..."

వన్నిసా లైటు పైకెత్తింది. పేటికల మీద పడవలసిన వెలుతురు నేరుగా సేంగ్లా మొహం మీద పడింది. ఇన్నేళ్ళ పనిలో ఆ లైటు ఆమెనెప్పుడూ అలా చూడలేదు. సేంగ్లా చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, ఆపుకుంది. ఎక్కడికని పారిపోతుంది? కళ్ళ కింద తడి అలాగే ఉంది. వెలుతురుకు కళ్ళు చిట్లిస్తే ముక్కు మీద అదే ముడత పడింది. పిల్ల చూసింది. తొందరలేకుండా, నుదుటి నుంచి గడ్డం దాకా, అద్దంలో చూసుకున్నట్టు చూసింది. లైటు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

లైటుతోనే మెట్లవైపు తిరిగింది. ముందుకు వెళ్ళి, మొదటి మెట్టు మీద ఆగి, వెనక్కి తిరగకుండా అంది.

"జారుడుగా ఉంది. నా భుజం పట్టుకుని దిగు."

అంతదాకా మీరు అన్న నోటితోనే.

సేంగ్లా ఆ భుజం మీద చెయ్యి వేసింది. పలచటి భుజం, వెచ్చగా ఉంది. మెట్లు ఎన్ని ఉన్నా ఇంకొన్ని ఉంటే బాగుండుననుకుంది. ఒక చోట పిల్ల కాలు జారితే, సేంగ్లా వేళ్ళు గట్టిగా బిగుసుకున్నాయి. కుదురుకున్నాక కూడా వదల్లేదు. వదలమని పిల్ల అనలేదు.

మెట్ల సగంలో థనిత్ నిలబడి ఉన్నాడు. శాలువా చేతిలోనే ఉంది. ఫోన్ టార్చి ఆర్పేసి ఉంది.

"ఎంతసేపైంది వచ్చి?" అంది వన్నిసా.

"ఇప్పుడే" అన్నాడు. శాలువా ఆమె భుజాల చుట్టూ కప్పాడు. ఇంకే హాస్యమూ ఆడలేదు.

కింద పంగ్ బాబాయి తెప్ప పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఆమెవైపు చూసి, మెల్లగా తల అడ్డంగా ఊపాడు. గుహ గోడలు ఎవరి మాటా దాచుకోవు. పైన గొంతు తగ్గించి అన్నదంతా కిందికి, నీళ్ళ మీదికి, మెట్లమీది చీకట్లోకి జారివచ్చినట్టుంది.

తెప్ప అవతలి నోటివైపు సాగింది. బయట పొద్దు వాలుతోంది. పగలంతా అడవిలో తిరిగిన గుహ పిట్టలు గూళ్ళకు మళ్ళుతున్నాయి. వేలకు వేలు, నల్లటి సుడిలా తిరుగుతూ, కీచుమంటూ, తలల మీదుగా గుహ లోపలికి దూసుకుపోతున్నాయి. ఒక్కొక్కదానికీ దాని చోటు తెలుసు. తెప్ప గట్టుకు తగలగానే వన్నిసా దిగి, కొంచెం దూరం నడిచి, అటు తిరిగి నిలబడి వాటిని చూస్తూ ఉండిపోయింది. ఆమె భుజాలు శాలువా కింద కదులుతున్నాయి. ఏడుస్తోందని వెనకనుంచి కూడా తెలుస్తోంది. సేంగ్లా తెప్ప మీదే కూర్చుంది. అటు వెళ్ళే హక్కు లేదనిపించింది. అయినా ఆ భుజం వెచ్చదనం ఇంకా అరచేతిలో ఉంది. గుప్పిట మూసుకుంది.

థనిత్ దిగలేదు. ఆమెకు ఎదురుగా గొంతుక్కూచున్నాడు. ఇందాకటి కుర్రవాడు కాదు. బల్ల అవతల కూర్చునే మనిషి కళ్ళు అవి.

"నేను అంతా విన్నాను" అన్నాడు, గట్టు మీదికి వినపడకుండా. "ఆమె తనంతట తాను నాకు చెబితేనే, నేను విన్నట్టు చెబుతాను. అందాకా చెప్పను. మీరు నన్ను నమ్మాలో వద్దో మీ ఇష్టం. కానీ ఒక్కదానికి నిజం చెప్పండి. దీని మీదే అన్నీ ఉన్నాయి. ఇటు పుట్టిన పిల్లయితే తన సొంత పేరు మీదే కార్డు అడిగే హక్కు ఉండొచ్చు."

సేంగ్లా తల ఎత్తింది.

"మోఖమ్ పుట్టింది ఎక్కడ? కొండకు ఇటా, అటా?"

పిట్టల గోల ఒక్కసారిగా ఎక్కువైంది. ఈ పూటకు ఆడిన అబద్ధాలు చాలుననిపించింది సేంగ్లాకు. ఆ కుర్రవాడి కళ్ళలోకి సూటిగా చూసింది.

"అటే బాబూ" అంది.

"ఇటే" అన్నాడు పంగ్ బాబాయి, అదే క్షణంలో, ఆమె మాట మీద మాట వేసి.

థనిత్ ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి చూశాడు. గట్టు మీద, శాలువా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, వన్నిసా తెప్పవైపు నడిచి వస్తోంది.